అమ్ములు పోసిన గట్టు

జులై 7, సోమవారం

ఈ వారం థీమ్ బీచ్. ప్రిన్సిపల్ మేడమ్ ఆర్డర్. కలకత్తా గార్డెన్ రీచ్‌లో గంగ ఉంది, క్రేన్లున్నాయి, బీచ్ ఎక్కణ్ణించి తేను? సిమెంటు కొట్టు నుంచి ఇసుక తెప్పించి, జల్లించి, నీలం ట్రేలలో పోశాను. నడుం పడిపోయింది. శుక్రవారం పేరెంట్స్ వచ్చి చూస్తారట.

యూకేజీ పిల్లలంతా ఇసుక మీద ఎగబడ్డారు. అమ్ములు తప్ప. డాక్‌లో పనిచేసే వెంకటేశు కూతురు. ఎండాకాలం సెలవులకి శ్రీకాకుళం వెళ్లొచ్చినప్పటి నుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. ఇలాగే ఉంటే స్పెషల్ స్కూల్‌కి పంపించేద్దామంటోంది మేడమ్. నాకు మనసు ఒప్పడం లేదు.

జులై 8

అమ్ములు ఇసుక ముట్టుకుంది! కోట కట్టమంటే కట్టలేదు. పొడుగ్గా, మూరెడైనా లేని గట్టు పోసింది. అరచేత్తో నిమిరి, చుట్టూ గవ్వలు పెట్టింది. పడవా అంటే తల అడ్డంగా ఊపింది. చేపా? కాదు. సరేలే, ఏదో ఒకటి. చేతి మీద స్టార్ అతికించాను.

జులై 9

మళ్లీ అదే గట్టు. తాగమని ఇచ్చిన పాలు తెచ్చి దాని మీద పోసేసింది. ఇసుకంతా ముద్ద. నాకు ఒళ్లు మండింది. స్కేలు తీసుకుని చదును చేసేశాను. అమ్మో, ఏం కేక అది! నా మణికట్టు కొరికేసింది. చూశావా, నేను ముందే చెప్పానుగా అంది మేడమ్. రేపు తల్లిని రమ్మని కబురు పంపింది.

జులై 10

అమ్ములు తల్లి కాసులమ్మ వచ్చింది. మేడమ్ బెంగాలీలో దులిపేస్తుంటే బిక్కమొహం వేసుకుని నావైపు చూసింది. నేను తెలుగులో చెప్పాను. గట్టు, గవ్వలు, పాలు. పాలు అనగానే నేల మీద కూలబడిపోయింది.

సెలవుల్లో ఊళ్లో తనకి మగపిల్లాడు పుట్టాడట. పురిట్లోనే పోయాడు. మగవాళ్లు పట్టుకెళ్లి సముద్రం ఒడ్డున ఇసకలో కప్పెట్టి, పాలు పోసి వచ్చేశారు. ఆడవాళ్లు వెళ్లకూడదు కదా, కన్నతల్లి అసలే వెళ్లకూడదు. ఏ వార పెట్టేరో నాకు సూపించనేదు దీదీ, ఆయన్నడిగితే నోరిప్పడు అంటూ ఏడ్చింది. అమ్ములు తండ్రి వెనకాలే వెళ్లిందని ఇవాళే తెలిసిందట.

నేనూ ఆ నేల మనిషినే. పాలెందుకు పోస్తారో నాకు తెలీదూ? బీచ్, బీచ్ అనుకుంటూ కళ్లు మూసుకుపోయాయి. స్టార్ అతికించాను. ఛీ.

ఏదీ, ఒక్కసారి సూపించండి దీదీ అంది. స్కేలుతో చదును చేసేశాక ఏం చూపించను?

జులై 11

పేరెంట్స్ రాకముందే రమ్మన్నాను. కాసులమ్మ చిన్న కుర్చీలో ఒదిగి కూర్చుంది. అమ్ములు కాసేపు నన్నే చూసింది. స్కేలు బీరువాలో పడేసి ఖాళీ చేతులు చూపించాను. అప్పుడు మొదలుపెట్టింది. ఓ పక్క నీలం కాగితం పరిచింది, సముద్రం. పెన్సిల్ బాక్సు, పడవ. క్రేయాన్ గుచ్చింది, తాటిచెట్టు. ఆ రెండింటి మధ్యా గట్టు. తల్లి చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది.

తలకాయి ఇటేపుందమ్మా, అంది.

మాట్లాడింది. కాసులమ్మ ఆ వైపు నిమురుతూనే ఉంది. గుమ్మంలోంచి మేడమ్, ఇది ఏ యాక్టివిటీ అని అడిగింది. ఫైన్ మోటార్ స్కిల్స్, వేళ్లకి పని మేడమ్ అన్నాను.

జులై 14

థీమ్ జూ. ట్రేలన్నీ ఖాళీ చేశాను, ఒక్కటి తప్ప. అమ్ములు పాలు సగం తాగింది. తక్కిన సగం ఏం చేశావని నేను అడగలేదు.