తడి నేలలో గుండ్రటి గుర్తులు

రాయగడ,
శనివారం

అప్పకు తమ్ముడు అప్పన్న నమస్కారాలు. బావకు మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మికి కుట్టిన చెవులు మానాయా? నేను బాగానే ఉన్నాను. పేపర్లో చూసి కంగారు పడకు, పడిపోయిన విమానంలో నేను లేను. వానలు వదలడం లేదు, మెస్సులో రోజూ నీళ్ల పప్పే. అయినా బాగానే ఉన్నాను.

ఈ ఉత్తరం గుణుపురం వెళ్లి పోస్టు చేస్తాను. మా ఉత్తరాలన్నీ ఈమధ్య మేనేజరు గదిలోంచి వెళ్తున్నాయి.

మా కంపెనీ సర్వే విమానం, రెండు ఇంజన్లది, సోమవారం పొద్దున లేచిన కాసేపటికే ఇంజన్లు నీరసించి కొండవాలున పడింది. పైలట్ ఒక్కడే ఉన్నాడు, పోయాడు. రోజూ నా చేతి టీ తాగే మనిషి. విచారణకు వచ్చిన ఆఫీసర్లు పెట్రోలులో నీళ్లు కలిశాయని తేల్చారు.

ఆ పెట్రోలు పీపాలు చూసుకునేది నేనే. వాటిని షెడ్డులో పడుకోబెట్టి ఉంచాలి. బయట నిలబెడితే పైన వాననీరు నిలిచి, బిరడా సందుల్లోంచి లోపలికి దిగుతుంది. రోజూ చూసి, బాగున్నాయని రిజిస్టరులో సంతకం పెట్టాలి. మేనమామ ఒళ్లోనే అమ్మికి చెవులు కుట్టాలని నువ్వు కబురు పెడితే సెలవు అడిగాను. "సెలవంటే పైనోళ్లు ఒప్పుకోరు. రెండ్రోజుల సంతకాలూ ముందే పెట్టీసి ఎల్లిపో. ఏటవుద్ది?" అన్నాడు మేనేజరు. పెట్టేసి వచ్చాను.

సోమవారం మధ్యాహ్నం నేను తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. పీపాలు షెడ్డులో బుద్ధిగా పడుకునే ఉన్నాయి. కానీ బయట తడి నేలలో పీపా అడుగంత గుండ్రటి గుర్తులు, వరసగా. షెడ్డు లోపల జీపు చక్రాల బురద. తన జీపు తడవకూడదని మేనేజరే పీపాలు బయట పెట్టించాడని నా అనుమానం. అడిగితే, "నీ సంతకాలున్నాయి కదేటి? ట్యాంకు అడుగున నీళ్లున్నాయేమో కాస్త వంపి సూసుకోకుండా పైలటే ఎగిరేడు. నోరు మూసుకో" అన్నాడు. అప్పటినుంచి కనబడితే చాలు, "తిన్నావేటిరా?" అంటున్నాడు. మూడేళ్లలో ఒక్కసారీ అడగని మనిషి! గదిలో నాతో ఉండే వంటవాడు కూడా, నేనిది రాస్తుంటే మంచినీళ్లకని రెండుసార్లు వచ్చాడు.

నిన్న పైలట్ భార్య వచ్చింది. "ఇంట్లో గ్యాసు కట్టేశాక కూడా రెండుసార్లు చూసేవాడు. ఇక్కడ చూసుకోకుండా ఎగిరాడంటే నమ్మను" అంది. నాకేమీ తెలియదని చెప్పాను అప్పా. సిగ్గుతో చచ్చిపోయాను.

నేను మీ ఇంట్లో విడిచిన నీలం చొక్కా ఉతికేశావా? జేబులో మీ ఊరి బస్సు టిక్కెట్టు ఉంది. ఆ రెండ్రోజులూ నేనిక్కడ లేనని దాంతో తెలుస్తుంది. నా సంతకాలు అబద్ధమని కూడా తెలుస్తుంది. ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుందేమో. అయినా రిజిస్టర్డ్ పోస్టులో వెంటనే పంపు, అదైతే నా చేతికే ఇస్తారు. ఆఫీసర్లు వచ్చే శనివారం దాకా ఉంటారు. టిక్కెట్టు నానిపోయి ఉంటే నోటితోనే చెప్తాను.

బావకు, అత్తగారికి నా దండాలు. నా పేర పైడితల్లికి ఒక దీపం పెట్టు. ఎగిరేముందు పైలట్ రిజిస్టరు చూసేవాడు. ఆ రోజు అందులో నా పేరే ఉంది.

నీ తమ్ముడు,
అప్పన్న