అగ్బయాని గారి అమ్మాయి

గ్వాగ్వా, పంపంగ
ఫిబ్రవరి 4, 1967

గౌరవనీయులైన సెవెరినో అగ్బయాని గారి సముఖమునకు,

నమస్కారాలు. మీరు నన్నెరగరు. నా పేరు ఎపిఫానియా లింగాత్. మావారు పోయి చాలాకాలమైంది. ఈ చుట్టుపక్కల పునీతుల పండగలైనా, బాప్తిస్మాలైనా, పెళ్ళిళ్ళైనా వంట నా చేతి మీదే జరుగుతుంది.

మావాడు డెల్ఫిన్ మనీలాలో గడియారాలు బాగుచేసే కొట్లో పనిచేస్తున్నాడు. మీ అమ్మాయి కొన్సువేలో ఆ పక్క ఆసుపత్రిలోనే నర్సు. వాచీ ఆగిపోయిందని ఒకసారి వచ్చిందట. బాగుచేసి ఇస్తే మళ్ళీ ఆగిపోయిందని వచ్చింది. ఆ తర్వాత చక్కగా నడుస్తున్న వాచీ పట్టుకొని వచ్చింది. తల్లిని కదా, నాకు అంతకంటే వివరంగా చెప్పనక్కర్లేకపోయింది.

మగపిల్లవాడి తరఫువాళ్ళమే వంటలు మోసుకొచ్చి, మీ మెట్లెక్కి, పిల్లనడగడం మర్యాద. అంతకంటే ముందు మీ మనసు తెలుసుకుందామని ఈ ఉత్తరం. బస్సు డ్రైవరు చేతికి ఒక జాడీ ఇచ్చాను. అన్నంలో చేప కలిపి పులియబెట్టిన బురో. మా ఇంటి మనుషుల కంటే ముందు మా ఇంటి రుచి మీకు పరిచయం కావాలని నా కోరిక.

ఇట్లు,
మీ విధేయురాలు
ఎపిఫానియా లింగాత్

తా.క. మావాడిలో లోపమంటూ ఉంటే నేనే చెప్పేదాన్ని. గురక ఒక్కటుంది, అది వాళ్ళ నాన్నది.


శాంటా మోనికా, ఇలోకోస్ నోర్తె
ఫిబ్రవరి 15, 1967

లింగాత్ అమ్మగారికి,

క్షేమం. మీ ఉత్తరం, జాడీ రెండూ చేరాయి. జాడీ బస్సు పైకప్పు మీద వచ్చింది. లోపల పెట్టుకోవడానికి ప్రయాణికులు ఒప్పుకోలేదట. డ్రైవరు దాన్ని రెండు చేతులతో దించి, టోపీ తీసి, "పెద్దాయనా, పోయింది ఎవరండీ?" అని అడిగాడు. మూత తీశాక నాకూ అదే అనుమానం వచ్చింది. దారిలో చెడిపోయి ఉంటుందని పందికి పెట్టాను. పంది క్షేమం.

ఇక అమ్మాయి సంగతి. నా ఇంట్లో ఆ పెళ్ళికి అడ్డుచెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ మాట సిలువ పట్టుకొని అయినా చెప్పగలను. అయితే మా వైపు పాతకాలపు పద్ధతి ఒకటుంది. పిల్లనడిగే కుర్రవాడు ముందు వచ్చి పెద్దల ఇంట చాకిరీ చేయాలి. కట్టెలు కొట్టాలి, నీళ్ళు తోడాలి. నా బావి లోతు. నా ఇంటి కప్పు కారుతోంది. వెల్లుల్లి తవ్వే రోజులు వచ్చాయి. ఇంతకంటే మంచి సమయం ఉండదు. పంపించండి.

ఇట్లు,
సెవెరినో అగ్బయాని

తా.క. కత్తి, దుప్పటి, పళ్ళెం తెచ్చుకోమనండి. ఇంట్లో పళ్ళెం ఒకటే ఉంది.


గ్వాగ్వా
ఫిబ్రవరి 24, 1967

అగ్బయాని గారికి,

నమస్కారాలు. బురో వాసన చూసి చెడిపోయిందన్న మనిషిని నా జన్మలో ఇప్పుడే చూస్తున్నాను. బిషప్పుగారు మా ఊరొచ్చినప్పుడు రెండోసారి అడిగి వేయించుకున్నారు. మీ పందికి నా శుభాకాంక్షలు. మీ ఇంట్లో రుచి తెలిసిన ప్రాణి ఒకటైనా ఉందన్నమాట.

డెల్ఫిన్ సెలవు పెట్టి బయలుదేరుతున్నాడు. సన్నని పనులు చేసిన చెయ్యి వాడిది. గడియారంలో వెంట్రుకంత స్ప్రింగు ఎక్కించగలడు కానీ గొడ్డలి ఎప్పుడూ పట్టలేదు. మెల్లగా నేర్పండి.

ఇలోకోస్‌వాళ్ళ పొదుపు గురించి విన్నాను. తండ్రీ కూతురూ ఒకే పళ్ళెంలో వంతులేసుకొని తింటారని మాత్రం వినలేదు. వాడితో అర డజను పళ్ళేలు పంపుతున్నాను. జాలి అనుకోకండి. నలుగురూ వచ్చేపోయే ఇల్లు కాబోతోంది కదా.

ఇట్లు,
ఎపిఫానియా లింగాత్

తా.క. మీరు మేక పిత్తరసం పోసి చేదు పులుసు కాస్తారట. పెళ్ళయ్యేదాకా మావాడికి అది పెట్టకండి. తర్వాత వాడి ఖర్మ.


శాంటా మోనికా
మార్చి 20, 1967

చెల్లెమ్మగారికి,

క్షేమం. కుర్రవాడు చేరాడు. రాగానే నా చెయ్యి నుదుటికి ఆనించుకొని ఆశీర్వాదం తీసుకున్నాడు. ఆ చేతికి అలాంటి పని తగిలి ఎన్నాళ్ళైందో. నన్ను 'తాతా' అంటున్నాడు. 'మావయ్యా' అనరా అంటే నవ్వి వంటింట్లోకి పోతాడు.

వాడిని కట్టెలు కొట్టమన్నాను. మొదటి దెబ్బకే గొడ్డలి తల ఊడి, వీధి దాటి ఎదురింటాయన కోళ్ళలో పడింది. నీళ్ళు తోడమన్నాను. నీళ్ళతోపాటు బావిలో కప్పల్నీ తోడి, వాటి కడుపుల్లో మాంసం కూరి, వేయించి పెట్టాడు. ఆ కప్పలు నాకు ఏళ్ళ తరబడి ఇరుగుపొరుగు. ఒకటి తినేదాకా బాధపడ్డాను.

అంతలో ఎదురింటాయన గొడ్డలి తల పట్టుకొని గర్జిస్తూ వచ్చాడు.

"ఏంట్రా ఇది?"

"కప్పండీ. వేడిగా ఉంది, తీసుకోండి."

"నేనడిగేది గొడ్డలి గురించి."

"అది నమలడానికి పనికిరాదండీ."

ఆయన నిలబడే ఒకటి తిన్నాడు. కూర్చొని ఇంకొకటి తిన్నాడు. గొడ్డలి తల అక్కడే మర్చిపోయి వెళ్ళాడు. ఆనాటి నుంచి మా పొయ్యి రాజుకుంటే చాలు, ఆయన కిటికీలో నిలబడతాడు. మావాడు ఒక గిన్నె అటు పంపుతాడు. గిన్నె కడిగి వస్తుంది, మాట మాత్రం రాదు. ఫాదర్‌గారు కూడా ఈమధ్య సరిగ్గా భోజనాల వేళకే నా ఆత్మ గురించి వాకబు చేస్తున్నారు.

ఇట్లు,
సెవెరినో

తా.క. పంచదార డబ్బా అడుగు కనిపిస్తోంది. కాకరకాయలో పంచదార వేసే జాతిని దేవుడు ఎందుకు సృష్టించాడో తెలియదు. కూర మిగల్లేదు.


గ్వాగ్వా
ఏప్రిల్ 2, 1967

అన్నయ్యగారికి,

నమస్కారాలు. మీరు నన్ను చెల్లెమ్మ అన్నాక నేను వెనకబడడం బాగుండదు. 'మావాడు' అని కూడా రాశారు. చదివి కళ్ళు తుడుచుకున్నాను.

ఒక్క విషయం మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఆ ఎదురింటాయన. ఏ మగవాడూ ఊరికే కిటికీలో నిలబడడు. ఆయనకు పెళ్ళీడు కూతురుందా? ఉంటే మీ కిటికీలు మూయండి. గిన్నెలు పంపడం ఆపండి. లోకం మీకు తెలియదు. తెలిసిన మనిషి దగ్గర పళ్ళేలు ఎక్కువ ఉంటాయి.

నిన్న మనీలా వెళ్ళి కొన్సువేలోను చూశాను. చక్కని పిల్ల. "మీ నాన్నగారు ఎలా ఉన్నారమ్మా?" అన్నాను. "మీసం ఇంకా పెంచుతున్నారండీ" అంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు నవ్వింది. తండ్రి మీద ఎంత ప్రేమో. మీసమున్న మగవాళ్ళంటే నాకూ గౌరవమే.

ఇక ఆలస్యం వద్దు. మే నెల మొదట్లో మా ఆడపడుచు, మా మరిది, పెద్దలందరం మీ మెట్లెక్కడానికి వస్తున్నాం.

ఇట్లు,
మీ చెల్లెలు
ఎపిఫానియా

తా.క. మీ ఫాదర్‌గారికి తీపి పంది మాంసం పెట్టమన్నానని డెల్ఫిన్‌కు చెప్పండి. నా కొడుకు పెళ్ళి చేయబోయే చెయ్యి అది.


శాంటా మోనికా
ఏప్రిల్ 14, 1967

చెల్లెమ్మగారికి,

క్షేమమే కానీ మీ ఉత్తరం చూశాక నిద్ర లేదు. దయచేసి ఇప్పుడే రావద్దు. దారి బాగాలేదు. ఇల్లు ఇరుకు. ఎండలు మండిపోతున్నాయి. మెట్లలో ఒకటి విరిగింది. పైగా చాకిరీ పూర్తికాలేదు. కప్పు సగమే నేశాడు, ఆ సగం కారడం మానలేదు. తూర్పు గోడ ఉంది. పొగాకు కొట్టం ఉంది. కావాలంటే ఇంకా పని కల్పించగలను.

మీకు అబద్ధం చెప్పను. సాయంత్రంపూట వంటింట్లో ఒక మనిషి పాడుతూ గిన్నెలు చప్పుడు చేస్తుంటే ఇల్లు ఎలా ఉంటుందో నాకు ఈ వయసులో తెలిసింది. వాడి గొంతు బాగుండదు. అయినా సరే. పెళ్ళిళ్ళు ఎక్కడికీ పోవు. తొందరపెట్టకండి.

మీసాల మీద నాకు అంత గౌరవం లేదు.

ఇట్లు,
సెవెరినో

తా.క. తప్పదంటే ఎదురింట్లో దిగండి. ఆ ఇల్లు విశాలం. మెట్లు గట్టివి.


గ్వాగ్వా
ఏప్రిల్ 25, 1967

అయ్యా,

ఇప్పుడు నాకు అంతా అర్థమైంది. పిల్లనివ్వడం మీకు ఇష్టం లేదు, పాలేరును వదులుకోవడం అంతకంటే ఇష్టం లేదు. మా డెల్ఫిన్ ఊరికే దొరికిన మనిషి కాదు. తూర్పు గోడ మీరే కట్టుకోండి.

వచ్చే శనివారం వస్తున్నాం. ఎదురింటి మెట్లు మేమెందుకెక్కాలి? పిల్ల మీది, మెట్లు మీవి. విరిగితే నా కాలే విరుగుతుంది. కుంటుతూనే అడుగుతాను.

ఎపిఫానియా లింగాత్

తా.క. నిప్పుల మీద మొత్తంగా కాల్చిన పంది కూడా వస్తోంది. దానికి టికెట్టు కొన్నాం. బస్సులో కిటికీ పక్క సీటు దానిదే. దాన్ని మీ పందికి చూపించకండి.


గ్వాగ్వా
మే 12, 1967

సెవెరినో గారికి,

నమస్కారాలు. ఆరోజు మీరు ఇంట్లో లేరు కాబట్టి ఏం జరిగిందో రాయడం నా ధర్మం. మీరు పొగాకు కొట్టంలో దాక్కున్నారని తర్వాత తెలిసింది. మా ఆడపడుచు మీ విరిగిన మెట్టులో మోకాలిదాకా దిగబడింది. ఆమెను పైకి లాగి, కుండలన్నీ గుమ్మం ముందు పేర్చి, బస్సులో బట్టీపట్టిన మాటలన్నీ మూసిన తలుపుకు అప్పజెప్పాను. తలుపు తీసింది డెల్ఫిన్. నడుముకు గుడ్డ, చేతిలో గరిటె, మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అమ్మా, ఈ ఇల్లు కాదు."

"ఏది కాదు? ఇన్నాళ్ళూ నేను ఉత్తరాలు రాసింది ఏ ఇంటికి?"

"పిల్ల ఎదురింటివాళ్ళమ్మాయి. నేను నీకు చెప్పింది సెవెరో అగ్బయాని. నువ్వు రాసింది సెవెరినో అగ్బయాని. ఈ ఊళ్ళో సగం మంది అగ్బయానీలే."

"నోట్లో అన్నం పెట్టుకొని చెప్తే అలాగే వినపడుతుంది. మరి ఈయన కూతురెక్కడ?"

"తాతకి పెళ్ళే కాలేదమ్మా."

నేను పక్కనున్న కుండ మీద కూర్చున్నాను. అందులో వేరుశెనగ పులుసు ఉంది. మూత గట్టిది కాబట్టి పరువు దక్కింది.

వాడు దిగిన రోజునే పొరపాటు తెలిసిందట. "మరి వెంటనే ఎదురింటికి పోలేదేం?" అన్నాను. తిండికి ఇల్లు తగలేసే పంపంగవాళ్ళకు పిల్లనివ్వనని సెవెరో గారు కూతురితో ముందే తెగేసి చెప్పారట. మెట్టెక్కితే కుక్కని వదిలేవారట. అప్పుడు మీరు, "ఇక్కడే ఉండి వండరా. మా వంటింటి గాలి అటే వీస్తుంది. నీ తరఫున అదే అడుగుతుంది" అన్నారట. దీన్ని మీ మంచితనమనాలో, కట్టెలు కొట్టించుకొనే ఉపాయమనాలో దారి పొడుగునా ఆలోచించాను. రెండూ సమానంగా కనిపించాయి.

ఇంతలో మీసం వీధి దాటి వచ్చింది. దాని వెనక సెవెరో గారు.

"ఏమమ్మా, కూతురున్నది నాకైతే పంది వాడి ఇంటికొస్తుందేం? ఇన్నాళ్ళు ఈ కుర్రాణ్ణి ఆ బ్రహ్మచారికి అప్పగించి మమ్మల్ని కిటికీ దగ్గర నిలబెట్టారు. రండి, మా మెట్లెక్కండి. చల్లారిపోతోంది."

ఆయన మొదటి కప్ప తిన్నరోజే వీడెవరో కనిపెట్టారట. అడిగితే గిన్నెలు రావడం ఆగిపోతుందని ఊరుకున్నారట. కొన్సువేలోకు తెలుసు. ఫాదర్‌గారికి తెలుసు. తెలియంది నాకూ, ఆ పందికీ.

ఆయన పిల్లనిచ్చారు. ఒక్క పేచీ మాత్రం పెట్టారు. "చాకిరీ అంతా అటు జరిగింది. మరి మా ఇంటి కట్టెలెవరు కొడతారు?" అన్నారు. చాకిరీ అనుభవించినవాళ్ళే తీర్చాలి కాబట్టి మీ పేరు చెప్పాను. ఆయనకు నచ్చింది. ఈ ఉత్తరం అందాక వచ్చే సోమవారం గొడ్డలితో ఎదురింటికి వెళ్ళండి. తల బిగించుకొని.

కొన్సువేలోకు మీ ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. డెల్ఫిన్ అక్కడే గడియారాల కొట్టు పెడతాడట. సెవెరో గారింట్లో పిల్లలు, అత్తగారు, కోళ్ళు పోగా మనిషి నిలబడే చోటు లేదు. "తాత ఇంట్లో ఉంటాం, ఆయన ఒప్పుకుంటే" అని పిల్లే అంది. మీరు ఒప్పుకోరని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఎవరూ మిమ్మల్ని అడగడానికి కొట్టందాకా రాలేదు. నేను కొడుకును కని పెంచాను. మీరు కూతుర్ని కనకుండానే అల్లుణ్ణి సంపాదించారు. మీ పొదుపు గురించి నేను విన్నది తక్కువే.

ఇట్లు,
మీ చెల్లెలు
ఎపిఫానియా

తా.క. మీ ఊరి పోస్టుమాను మళ్ళీ తికమకపడకుండా కవరు మీద 'కూతురు లేని అగ్బయాని గారికి' అని రాశాను. పెళ్ళయ్యాక అలా రాయడం కుదరదు. ఏం రాయాలో మీరే చెప్పండి.