స్టాకు నంబరు 1186

నవంబర్ 10, సోమవారం

సర్క్యులర్ వచ్చింది. రెండు పేజీలు, ఒక అనుబంధం, ఎవరిదో తేలని సంతకం. సారాంశం: కంపెనీవారి సంరక్షణ ఆగిపోయిన పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లన్నిటినీ ఇరవై ఒకటో తేదీ తనిఖీలో గుర్తించి, పనికిరానివిగా కండెమ్ చేసి, స్టోర్స్ గోదాముకు తరలించాలి. కొత్తవి—నిధులు వచ్చినప్పుడు. విశ్వవిద్యాలయంలోని ఈ శాఖలో అది ఒక కాలమానం. వరండా కప్పు కారుతున్న చోట పెట్టిన బకెట్టు కూడా నిధులు వచ్చేదాకానే పెట్టాం. దానికి ఇప్పుడు పదేళ్లు.

మా ఆఫీసు గదిలోని కంప్యూటర్‌కు పదకొండు. శాఖకు ఉన్నవి రెండే. రెండోది హెడ్ గారి గదిలో. దాని పాస్‌వర్డ్ అత్యంత గోప్యం—ప్రస్తుతం హెడ్ గారికి కూడా.

రెండింటికి నర్సింహ వచ్చాడు. మా పరిశోధక విద్యార్థి. యథాప్రకారం మధ్యాహ్నం వేళకు, సీతాఫల్‌మండి నుంచి, యథాప్రకారం తెల్లకర్రను నా బీరువాకు ఆనించి. పుట్టుకతోనే చూపు లేదు. మూడేళ్లుగా నా గదిలో, ఆ యంత్రం మీదే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటుతో పరిశోధన రాస్తున్నాడు. విషయం: వీధి అమ్మకందార్ల కేకలు. నాలుగు అధ్యాయాలైనాయి. అయిదోది డిసెంబర్ ఆఖరులోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఇప్పటికి రెండు పొడిగింపులు. మూడోదానికి నిబంధన లేదు. రెండు ఫైళ్లూ పెట్టింది నేనే గనుక ఇందులో సందేహానికి తావు లేదు.

సర్క్యులర్ చదివి వినిపించాను.

"ఫోన్ల రాసుకో అంటరు, గంతే గద మేడం. మూడు వందల పేజీలు ఫోన్ల దిద్దితే నా బొటనవేలికి పెన్షన్ ఇయ్యాలె."

నవ్వలేదు నేను. పెన్షన్ ఫైలుకు ఎంత కాలం పడుతుందో తెలిసినదాన్ని.

నవంబర్ 11

నిర్ణయం: యంత్రం కదలదు. దాని లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ మారుతుంది.

ఉచితంగా దొరికేది ఒకటుందట. పాత యంత్రాల మీదా నడుస్తుందట. చదివి వినిపించే ఏర్పాటు దానిలోనే ఉంటుందట. ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తోనే మేల్కొలిపి, తర్వాత లోపల స్థిరపరచాలట. నర్సింహ స్నేహితులు అలాగే చేసుకున్నారట. ఇన్ని 'అట'ల మీద ఏ ఫైలూ నడవదు. అయినా...

"ఎవలు చేస్తరు మేడం?"

"సంబంధిత అధికారి."

"ఎవలాయన?"

"నేనే."

నర్సింహ ఫోన్ తీసి బొటనవేలితో సాధన మొదలుపెట్టాడు. నా కీర్తి అతని దాకా చేరినట్టే ఉంది. పోయిన నెల ప్రింటర్‌లో కాగితం బదులు ఫైలు అట్ట పెట్టింది నేనే.

నవంబర్ 13

పాతదంతా చెరిగిపోతుంది కనుక నాలుగు అధ్యాయాలనూ ముందు భద్రపరచాలి. ట్రిప్లికేట్‌లో భద్రపరిచాను. ఒక ప్రతి నర్సింహ ఫోన్‌లో. ఒకటి నా ఈమెయిల్‌లో. ఒకటి మా ఆయన లాప్‌టాప్‌లో, 'ముట్టరాదు' అనే పేరుతో.

నవంబర్ 16, ఆదివారం

చర్చి నుంచి వస్తూ తార్నాకలో మెట్రో స్టేషన్ కింది కొట్లో పెన్‌డ్రైవ్ కొన్నాను. గోరంత పలక. పైన తొడుగు లేదు. కొసన నాలుగు బంగారు గళ్లు. చూడముచ్చటగా ఉంది.

ఇంట్లో, మా ఆయన లాప్‌టాప్ మీద డౌన్‌లోడ్. పప్పు ఉడికింది, అన్నం వార్చాను, చారు కూడా కాగింది. అప్పటికి సగం. ఆయన లెక్కల మాస్టారు. ప్రతి పది నిమిషాలకూ శాతం ప్రకటిస్తున్నారు.

ఫైలును ఊరికే కాపీ చేస్తే చాలదట. పెన్‌డ్రైవ్ తనంతట తానే కంప్యూటర్‌ను లేపగలిగేటట్టు ప్రత్యేకంగా రాయించాలి. అందుకొక చిన్న ప్రోగ్రాం.

"సుగుణా, నా లాప్‌టాప్‌కి ఏమీ కాదుగా? ఏడో తరగతి పేపరు అందులోనే ఉంది."

"ఏమీ కాదండీ."

"ఏమీ కాదనే మొన్న మిక్సీ విప్పావు."

పరీక్షించాను. ఆయన లాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, మళ్లీ వేసి, దేనితో లేవాలో అడిగే జాబితా కోసం ఒక మీట నొక్కి, అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచితే—లేచింది! కొత్త రంగు, కొత్త గుర్తు. 'ఇన్‌స్టాల్ చేయమంటారా, ముందు చూస్తారా' అని మర్యాదగా అడిగింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఏ కొత్త వ్యవస్థా నన్ను ముందుగా అడగలేదు. ముందు చూస్తానన్నాను. చూశాను. ఆపేశాను. ఏడో తరగతి పేపరు క్షేమం.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఫర్వాలేదే" అన్నారు. ఆ మాట తేదీతో సహా నమోదు చేస్తున్నాను.

నవంబర్ 17

శాఖ స్టాకు రిజిస్టరులో లేని ఏ వస్తువునూ శాఖ యంత్రానికి తగిలించరాదు. ఈ నిబంధన నేను రాసిందే. కనుక పెన్‌డ్రైవ్‌ను విరాళంగా నమోదు చేశాను. ఇచ్చినవారు: నేను. పుచ్చుకున్నవారు: నేను. రెండు సంతకాలూ సరిపోలాయి.

నంబరు వేయడం యాదగిరి పని. ముప్పై ఏళ్లుగా ఈ శాఖలో ప్రతి వస్తువు మీదా తెల్ల పెయింటుతో నంబరు వేస్తున్న అటెండరు. కుర్చీలు, గడియారం, కత్తెర, చెత్తబుట్ట. ఒకసారి హెడ్ గారి సొంత గొడుగు. "నంబర్ పడితెనే మనది మేడం, లేకుంటె ఎవనిదైనా అయితది" అంటాడు. అతని కుంచెలో మిగిలినవి ఏడెనిమిది వెంట్రుకలు. రాత మాత్రం ముత్యం.

సాయంత్రానికి తెచ్చాడు, ఆరబెట్టి, అరచేతిలో పెట్టుకుని. నాలుగు బంగారు గళ్లు, గడికో అంకె: 1, 1, 8, 6. ఎంత పొందిక! మెచ్చుకున్నాను.

"గీతలు కొట్టే ఇచ్చిండ్రు మేడం. మంచి కంపెనీ."

నవంబర్ 18

లేవలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టాను. కంప్యూటర్ వేశాను. మీట నొక్కాను. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరే లేదు. మళ్లీ. వెనుక వైపు రంధ్రంలో పెట్టి మళ్లీ. లోపలి నీలం తెరకు వెళ్లి, దేని తర్వాత ఏది లేవాలో ఆ క్రమం మార్చి మళ్లీ. ప్రతిసారీ పాత ఆపరేటింగ్ సిస్టమే నిదానంగా వచ్చి కూర్చుంది. బదిలీ ఉత్తర్వు అందనట్టు నటించే ఉద్యోగి మాదిరిగా.

హెడ్ గారు తొంగి చూశారు. కడప మనిషి, కంగారు ఎక్కువ. "ఏం సుగుణమ్మా, కంప్యూటర్‌ను ఏందో చేస్తాండావంట? కాలిపోదు గదా?"

"నిబంధనల ప్రకారం కాలదు సార్."

సంతృప్తిగా వెళ్లిపోయారు.

నర్సింహ సాయంత్రం దాకా కూర్చున్నాడు. వెళ్లేటప్పుడు—"పోనియ్యుండ్రి మేడం. శానా చేసిండ్రు."

ఆ 'పోనియ్యుండ్రి' బాగాలేదు.

నవంబర్ 19

ఇంట్లో ఆయన లాప్‌టాప్‌కు పెట్టాను. ఆదివారం లేచిన లాప్‌టాపే. ఇప్పుడు గుర్తించను కూడా లేదు.

ఆయన లేచి, మిక్సీని పై అరలో పెట్టారు.

నవంబర్ 20, గురువారం

పదకొండు గంటలకే నర్సింహ వచ్చాడు. రేపు తనిఖీ. కంప్యూటర్‌కు వీడ్కోలు చెప్పడానికి కాబోలు.

"ఒకపారి ఇటియ్యుండ్రి మేడం ఆ పెన్‌డ్రైవ్."

ఇచ్చాను. బొటనవేలితో తడిమాడు. ఒక వైపు, ఇంకో వైపు. కొస దగ్గర ఆగాడు. మళ్లీ తడిమాడు.

"గిదేంది మేడం, గీడ గరుకుగున్నది? గీతలు నున్నగ ఉండాలె గద. కరెంటు పోయేది గీడికెల్లే."

చూశాను. నాలుగు గళ్లు, నాలుగు అంకెలు. మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఈ భవనంలో తెల్లనంబరు కనబడని వస్తువు లేదు గనుక నా కళ్లు దాన్ని చూడటం ఎప్పుడో మానేశాయి. కంప్యూటర్‌కూ పెన్‌డ్రైవ్‌కూ మధ్య ఇన్నాళ్లూ అడ్డుగా నిలిచింది శాఖ స్టాకు నంబరు.

యాదగిరిని పిలిచాను. విన్నాడు. ముఖం చిన్నబోయింది.

"నల్ల ప్లాస్టిక్ మీద పెయింట్ నిలుస్తలేదు మేడం. గీడ గళ్లు కనవడ్డయి. నంబర్ కోసమే ఇచ్చిండ్రనుకున్న."

"అన్నా, నీ చేతిరాత మంచిగున్నది," అన్నాడు నర్సింహ. "నేను వేలితోటి సదివిన. పదకొండు ఎనబై ఆరు."

ముందు యాదగిరి నవ్వాడు. తర్వాత నేను. పెయింటు డబ్బా పక్కనే ఉండే థిన్నర్ సీసా తెచ్చి, దూది పుల్లతో ఒక్కో అంకెనూ తానే తుడిచాడు. చివరి ఆరు దగ్గర కొంచెం తటపటాయించాడు. బాగా వచ్చిందట.

పన్నెండున్నర. పెట్టాను. మీట నొక్కాను.

లేచింది.

ఇక కీబోర్డు నర్సింహది. మూడు మీటలు ఒకేసారి నొక్కాడు. కంప్యూటర్ మాట్లాడటం మొదలుపెట్టింది! అప్పటికి లోపల ఇంకా ఏమీ స్థిరపడలేదు. తెర మీది ప్రతి ప్రశ్ననూ తానే చదివి వినిపిస్తోంది, ఇంగ్లీషులో, తుమ్ము ఆపుకుంటున్న గొంతుతో. భాష ఎంచాడు, కీబోర్డు ఎంచాడు, ఊరు ఎంచాడు. నేను చూస్తూ నిలబడ్డాను. చూడటం తప్ప నాకు పని లేని మొదటి ఫైలు ఇదే.

ఆ ప్రశ్న వచ్చింది. డిస్కులో ఉన్నదంతా చెరిపివేయబడును. కొనసాగించాలా?

అతని వేలు ఆగింది.

"మూడు కాపీలున్నయి గద మేడం?"

"మూడు."

"తెరిచి చూసిండ్రా?"

"నిన్న, మొన్న, ఇవాళ పొద్దున. నాలుగో అధ్యాయం చివరి మాట 'చింతపండు'."

"అయితే మీరే చెప్పుండ్రి."

హెడ్ గారు మీటింగులో ఉన్నారు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి కాగితం కిందా నేను రాసింది ఒకే వాక్యం: 'తమ ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది.' ఉత్తర్వు ఇవ్వడం నా నోటికి అలవాటు లేదు. గొంతు సవరించుకున్నాను.

"కానివ్వండి," అన్నాను.

నొక్కాడు.

ఇరవై అయిదు నిమిషాలు. యాదగిరి టీ తెచ్చాడు. ఎవరమూ తాగలేదు. నీలం గీత నెమ్మదిగా కుడివైపు జరిగి, జరిగి, నిండింది. పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కమంది. తీశాను. నొక్కాడు. నల్లతెర... నల్లతెర... లోపలికి రమ్మంది.

చదివే గొంతును తెలుగుకు మార్చి, నా ఈమెయిల్ నుంచి మొదటి అధ్యాయం దించుకుని తెరిచాడు. మా గదిలో, ఫైళ్ల మధ్య, ఉల్లిగడ్డలమ్మి కేక ఎత్తు పల్లాలు లేకుండా, సర్క్యులర్ చదివినట్టుగా మోగింది. ఆ వెంటనే పాత ఇనుప సామానువాడు. ఆ వెంటనే పువ్వులమ్మి.

"మేడం, ఇది అచ్చం మీ లెక్కనే మాట్లాడుతున్నది."

దీన్ని ప్రశంసగా స్వీకరించడమైనది.

ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండోసారి నేనే కొంచెం పెంచాను.

నవంబర్ 21

తనిఖీ. స్టోర్స్ ఇన్‌స్పెక్టరు, ఫారం, దాని కింద అట్ట.

"ఇదేంది మేడం, కొత్త సిస్టమ్ గద! ఎవరేసిండ్రు?"

"శాఖ."

యాదగిరి తలుపు దగ్గర నిలబడి గట్టిగా, "మా మేడం ఏసింది సార్" అన్నాడు. మందలించలేదు నేను.

ఫారంలో ఒక గడి మిగిలింది. లైసెన్సు నంబరు, బిల్లు నంబరు.

"ఇది ఉచితం," అన్నాను.

"ఉచితమైతె బిల్లేది మేడం?"

"ఉచితం గనుక బిల్లు ఉండదు."

"బిల్లు లేకుంటె గడి ఎట్ల నింపాలె?"

ఇద్దరమూ ఆ గడి వంక గౌరవంగా చూశాం. చివరికి ఆయన రాసింది: 'తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు యథాస్థానంలో ఉంచవచ్చు.'

నా నియామకపు ఉత్తర్వులో ఉన్నదీ అక్షరాలా అదే మాట. ఆ తదుపరి ఉత్తర్వులు నేటికీ వెలువడలేదు. ఈలోగా నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి.

నవంబర్ 22

నర్సింహ అయిదో అధ్యాయం మొదలుపెట్టాడు. రైలు పెట్టెల్లో శనగలమ్మే కేకలు. నాలుగు పేజీలు.

నవంబర్ 24, సోమవారం

తదుపరి ఉత్తర్వులు ఇంత త్వరగా వస్తాయనుకోలేదు. స్టోర్స్ నుంచి మెమో. సదరు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విరాళంగా ఇచ్చినవారి అంగీకార పత్రం, చిరునామాతో సహా, ఏడు రోజుల్లో సమర్పించాలి. లేనిపక్షంలో యంత్రం గోదాముకు.

దాన్ని తయారుచేసి ఇచ్చినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారట, వేలమంది. ఒకరికొకరు ముఖాలు కూడా ఎరుగరట. నర్సింహ చెప్పాడు.

"ఇగ ఎట్ల మేడం?"

"నీకు ఎన్ని రోజులు కావాలి?"

"ముప్పై అయిదు. గట్టిగ కూసుంటె ముప్పై."

లెక్క వేశాను. ఒక మెమోకు జవాబు, జవాబుకు అభ్యంతరం, అభ్యంతరానికి వివరణ: ఒక్కోదానికి ఏడు రోజులు. అయిదు ఉత్తరాలు కావాలి. ఈ విశ్వవిద్యాలయంలో అయిదు ఉత్తరాలు నడపగల మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. నన్ను ఇన్నేళ్లూ ఇందుకే ఉంచారేమో.

మొదటి ఉత్తరం రాశాను. 'దాతల జాబితా అనుబంధంగా జతపరచడమైనది.' చాలా పొందికగా వచ్చింది. సంతకం, ముద్ర, తేదీ.

అనుబంధం జతపరచలేదు. అది ఏదని అడగడానికి వాళ్లకు ఒక వారం పడుతుంది.

నవంబర్ 25

ఉత్తరం యాదగిరి చేతికిచ్చి పంపాను. నడిచే వెళ్లమన్నాను.

రెండింటికి నర్సింహ వచ్చాడు. కర్రను బీరువాకు ఆనించాడు. తొమ్మిదో పేజీ.