షట్టర్ దించిన చెయ్యి

బావగారూ,

మీ క్షేమం అడగడానికి రాయడం లేదు.

అక్క జారిపడిందని అందరికీ చెబుతున్నారట. ఆవిడ ఎక్కడా పడలేదు. మీ మందుల షాపు షట్టర్ దించుతుంటే మణికట్టు విరిగింది. గుండెల్లో మంటగా ఉందన్నప్పుడల్లా డాక్టరుకు చూపించకుండా, "ఏం కాదు, వేసుకో" అంటూ గ్యాస్ మాత్రలు చేతిలో పోశారు. ఏళ్ల తరబడి అలా మింగితే ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉందని మందులమ్మే మీకు తెలియదా? ఇప్పుడు మా ఇంట్లో ఉన్న అక్కకి బట్టలతోపాటు మళ్లీ అవే మాత్రలు పంపడానికి మీకు చేతులెలా వచ్చాయి? ఆ మాత్రలు తిప్పి పంపుతున్నాను.

"రోజూ వేసుకోమని ఎవరు చెప్పారు?" అని ఇక్కడి డాక్టరు అడిగితే, "నేనే వేసుకున్నానండీ" అంది అక్క, కట్టు వైపు చూసుకుంటూ. నాకు మిమ్మల్ని కాపాడాల్సిన ఖర్మేం లేదు. మీ పేరూ, షాపు పేరూ చెప్పాను.

షట్టర్ ఇక మీరే దించుకోండి.

మీ మరదలు