ఒహాయో పాట, బసవయ్య బ్యాండ్

ఏప్రిల్ 20, 2002
మా పవన్‌కుమార్ ఒప్పుకున్నాడు! వాడి పెళ్ళి ఊరేగింపుకి నా బ్యాండే! వన్ టౌన్‌లో ఇంతమంది పెళ్ళిళ్ళకి క్లారినెట్ ఊదినవాణ్ణి, సొంత కొడుకు పెళ్ళిలో ఆర్కెస్ట్రా వింటూ కూచుంటే తల ఎక్కడ పెట్టుకోను? ఆనందం పట్టలేక వంటింట్లో స్టెప్పులేశాను. "ఈ వయసులోనా!" అంది మా ఆవిడ బుల్లెమ్మ.
షరతులు రెండు. వాడు పనిచేసే ఇంటర్నెట్ సెంటర్లో దొరికిన అమెరికా రాక్ బ్యాండ్ పాట వాయించాలి. వాళ్ళని ఒక్క మాట అనకూడదు.
"అన్నావో, ఆర్కెస్ట్రాకి ఫోన్ చేస్తా నాన్నా!"
నోటికి తాళం. ఒట్టు!

ఏప్రిల్ 21
వాడు ఆ పాట ఎక్కించి తెచ్చిన క్యాసెట్ విన్నాను. రేకుల షెడ్డు మీద వడగళ్ళ వాన. "బాగుందిరా" అన్నాను. నేనెంత మంచి తండ్రిని!

ఏప్రిల్ 23
వాళ్ళ చరిత్ర చెప్పాడు. ఒహాయోలో నలుగురు కుర్రాళ్ళు. కారు షెడ్డులో సాధన. ఒకే ఒక్క క్యాసెట్. రెండేళ్ళకే తన్నుకుని విడిపోయారు.
రెండేళ్ళా! మా యూనిఫారం గుండీలే అంతకన్నా ఎక్కువ కాలం ఉంటాయి. బుల్లెమ్మతో మాత్రం అన్నాను. పెళ్ళాంతో అన్నది లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 26
రిహార్సల్. పాట మధ్యలో వాళ్ళ డ్రమ్మరు అలిగి, పుల్లలు విసిరికొట్టి లేచిపోయాడట. అదీ రికార్డయింది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ మిగతావాళ్ళ గోల.
మా డ్రమ్ము కాశిం అడిగాడు: "ఇక్కడ మనమూ ఆపాలా మాస్టారూ?"
"క్యాసెట్లో ఎట్లా ఉంటే అట్లా. మావాడు వంక పెట్టకూడదు. అయినా అలిగేవాడికి డ్రమ్మెందుకయ్యా, మంచం చాలు!"
అనేశాను. బ్యాండ్ వాళ్ళు ఇంట్లోవాళ్ళ కిందే లెక్క.

ఏప్రిల్ 29
టీ కొట్టు జక్కయ్య ఆ అమెరికా బ్యాండ్ గురించి గుచ్చి గుచ్చి అడిగాడు. చెప్పకపోతే మర్యాదా? అరగంట చెప్పాను. కొట్టంతా ఒకటే నవ్వు. పవన్ వినలేదు. వినలేదనే అనుకుంటున్నాను.

మే 3
నిన్న సాయంత్రం ఊరేగింపు. కారులో మావాడు మహారాజే! పటమట సెంటర్‌కి రాగానే ఆ పాట ఎత్తుకున్నాం. కాశిం పుల్లలు రోడ్డు మీదికి విసిరాడు. టక్కున ఆపేశాం.
పెళ్ళి బ్యాండ్ అట్లా ఆగిందంటే ఎదురుగా శవం వస్తోందని అర్థం. జనం పక్కకి జరిగి దణ్ణాలు పెట్టారు. ఆటోవాడు ఇంజను ఆపేశాడు. వియ్యంకుడు రత్తయ్యగారు నా చెవిలో, "ఎవరండీ పోయింది?"
ఎంత బిగబట్టానో దేవుడికి తెలుసు.
"ఆ అమెరికా బ్యాండేనండీ! పుట్టినప్పట్నించీ కొనఊపిరే!"
అంతా నిశ్శబ్దం కదా, రోడ్డంతా వినపడింది.
కారు తలుపు తెరుచుకుంది. పవన్ దిగాడు. ఇంకేముంది, ఆర్కెస్ట్రాయే అనుకున్నాను. తీరా చూస్తే వాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.
"మళ్ళీ మొదట్నించి కొట్టు నాన్నా! అక్కడ ఆపడం మాత్రం మర్చిపోకు!"
నా బంగారుకొండ!

మే 6
కోడలు భానుశ్రీతో వచ్చాడు. ఆ నలుగురిలో ఇద్దరు కొత్త బ్యాండ్ పెట్టారట. రేపు పాట తెస్తాడట. "ఈసారైనా ఏమీ అనకు నాన్నా."
అనను. రేపట్నించి నోటికి తాళం. ఒట్టు!
ఇద్దరితో బ్యాండేంటి, ఖర్మ!
ఇది రాశానే గానీ అనలేదు. రేపట్నించి రాయను కూడా.