జాకరమ్మ మలుపులో ఆగని బండి

విశాఖపట్నం
జూన్, 2004

ప్రియమైన ఫల్గుణన్నకు,

ఘాట్ రోడ్డు ఒంటిదారి దగ్గర నా సిగ్నళ్ళు బాగా పనిచేస్తున్నాయని రాశావు, సంతోషం. లోపలికెళ్ళిన బళ్ళూ బయటికొచ్చిన బళ్ళూ సమానమైతేనే అవతలివైపు పచ్చదీపం. నా ఎం.టెక్ అంతా ఆ ఒక్క లెక్కే. ప్రతి బండీ దారిలో ఎందుకు ఆలస్యమవుతోందో మా సారుకి అంతుపట్టలేదు. మలుపులో ఉన్న జాకరమ్మ తల్లికి కొబ్బరికాయ కొట్టకుండా మనవాళ్ళెవరూ మలుపు తిరగరని చెబితే నవ్వేసి, దాన్నీ సూత్రంలో కలిపాడు.

కూతురు బేబిని కంకర లారీ తొక్కేశాక భీముడు మామ అమ్మవారి మొహమే చూడటం లేదన్నావు. సిగ్నళ్ళ తీగలు చూసే కామేష్‌కి సాయం వెళుతున్నాడంటే కాస్త కుదుటపడినట్టేనా?

నీ చెల్లి
సోని

అరకు

సోనీ,

రెండువైపులా పచ్చ పడింది. సంత జీపు మీదికి కంకర లారీ ఎక్కేసింది. అల్లం బస్తాల కిందనుంచి ఆడవాళ్ళను ముక్కలుగా తీశాం. దీపాల దగ్గర కూర్చునేది నేనే కదా, జనం నన్ను గుంజకు కట్టేసి కొట్టారు. పక్కటెముకలు విరిగాయి. "పచ్చ నువ్వేసినావు, నిన్ను బతకనిత్తామేటి?" అంటున్నారు. వచ్చే వారం పంచాయితీ. తప్పు నీ యంత్రానిదో నాదో బేగి రాయి.

ఫల్గుణ

విశాఖపట్నం

ప్రాణమైన అన్నకు,

తప్పు యంత్రానిది కాదు, నీది అసలే కాదు. యంత్రం ఇక్కడికి పంపిన లెక్కలన్నీ తిరగేశాను, ఎవడో తీగలు కలిపి దొంగలెక్క పంపాడు. ముందు వారమంతా లేని బళ్ళు వెళ్ళినట్టూ వచ్చినట్టూ పంపి, యంత్రం నమ్ముతుందో లేదో చూసుకున్నాడు. లోపలికెళ్ళిన వేళకీ బయటికొచ్చిన వేళకీ మధ్య ఆ కొబ్బరికాయ ఆలస్యం లేదు, ఆ దొంగబళ్ళలో ఒక్కటీ జాకరమ్మ దగ్గర ఆగలేదు! అక్కడే దొరికిపోయాడు. అమ్మవారి దగ్గర ఆగాలని తెలియనివాడు మనవాడు కాదు, కింద మైదానం నుంచి వచ్చినవాడు. ఈ ఉత్తరం అందరికీ చదివి వినిపించు. నీకు ఏమైనా అయితే నేను బతకలేను.

నీ సోని

అరకు

సోనీ,

పంచాయితీలో చదివి వినిపించాను. నన్ను వదిలేశారు. కిందనుంచి వచ్చి ఆ తీగలు ముట్టుకునేవాడు ఒక్కడే, పార్వతీపురం కామేష్. స్తంభం మీదున్నవాణ్ణి కిందికి లాగి, గొడ్డళ్ళు తిరగేసి కొట్టి చంపారు. "నానేటి సేసినాను?" అని చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. బతికిపోయానన్న సంతోషంలో నేను అడ్డం వెళ్ళలేదు.

మామ పరుగున వచ్చి శవం మీద పడ్డాడు.

"తీగలు కలిపింది నానురా! పని నేర్పినోణ్ణి సంపీసినారు! కంట్రాక్టరు లారీలు రెండూ గుద్దుకోవాలనుకున్నాను, మద్దిన జీపొచ్చీసింది. నా గుంటని కాయని తల్లికాడ నా దొంగబండెందుకాగుతాది?"

నీ లెక్క తప్పలేదు సోనీ. కానీ 'మనవాడు కాదు' అన్న మాట లెక్క చెప్పింది కాదు, నువ్వు చెప్పింది. కామేష్ భార్యకు ఏమని రాయాలో నాకు తెలియడం లేదు, నువ్వే రాయి.

మామ మీద ఎవరూ చెయ్యెత్తలేదు. మనవాడు కదా.

ఫల్గుణ