కనబడని చానల్

మండవల్లి,
5 ఫిబ్రవరి 2009, గురువారం.

అమ్మా ప్రీతీ,

పొద్దున బాగా మంచు. మేత బస్తాలు దింపించి టార్పాలిన్ కప్పించాను.

ఫోన్లో నాకు మాట సాగదని నీకు తెలుసు. మావాడు జీవన్‌ని నువ్వు అడిగితే "కనబడట్లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాడు. అందుకని రాస్తున్నాను.

ఆదివారం వాడు నీ కంపెనీ లాప్‌టాప్ తెచ్చాడు. మధ్యగదిలో పెట్టి తెరిచాం. అందులో వైర్‌లెస్ పేర్ల జాబితాలో మన రూటరు పేరు రాలేదు. రూటరు ముందుగదిలో వెలుగుతూనే ఉంది. తీగతో కలిపిన పాత కంప్యూటర్లో నెట్ చక్కగా వస్తోంది. ముందుగది నీ పనికి పనికిరాదు. చేపల బేరగాళ్ళు వస్తే అక్కడ చెవులు హోరెత్తుతాయి. మధ్యగది దాకా తీగ లాగుదామంటే దారిలో ధాన్యం గది ఉంది, టెలిఫోన్ తీగనే ఎలుకలు రెండుసార్లు కొరికాయి.

రూటరుతో వచ్చిన చిన్న పుస్తకం దగ్గర పెట్టుకుని మొదట్లో కొన్ని నేనే సర్దాను. ఇప్పుడది మళ్ళీ చదువుతున్నాను. రూటరుని ఇనుప బీరువా మీంచి తీసి కిటికీలో పెట్టి చూశాను. లాభం లేదు. పక్క చెరువు అప్పారావు మాత్రం మన చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్ల వల్లే అంటాడు. రేపు అవి ఆపి చూస్తాను.

పాప దగ్గు తగ్గిందా?

మీ మావయ్య,
దేవరాజు

తాడేపల్లిగూడెం,
9 ఫిబ్రవరి.

ప్రియమైన మావయ్య గారికి,

ప్రీతి వందనాలు. పాపకి దగ్గు తగ్గింది. రాత్రి మా అమ్మని నిద్రపోనివ్వకుండా కబుర్లు చెబుతోంది. ఏ భాషో ఇంకా తెలియలేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఇన్ని మాటలు ఒక్కసారి చెప్పడం ఇదే మొదలు. ఇలాగే రాయండి.

మా ఆఫీసు సంగతి మీకు సరిగా చెప్పలేదనుకుంటాను. అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పింది విని మేము టైపు చేయాలండీ. మార్చి రెండో తారీకు నుంచి పనిలోకి రమ్మన్నారు. ఇంట్లో వైర్‌లెస్ పనిచేస్తే ఇంటి నుంచే చేసుకోవచ్చు. లేదంటే ఇక్కడి ఆఫీసుకి రోజూ రావాలి. అలాగైతే నేనూ పాపా ఇక్కడే ఉండిపోతాం. జీవన్ ఆదివారాలు వచ్చి చూసి వెళ్ళాలి. అమ్మ ఉండిపొమ్మనే అంటోంది. నేనింకా ఏమీ అనలేదు.

ఇంకెవరిదైనా లాప్‌టాప్ తెచ్చి చూడండి. దానిక్కూడా కనబడకపోతే తప్పు రూటరుది. కనబడితే నా లాప్‌టాప్‌ది.

పదమూడో తారీకుకి పాపకి ఐదు నెలలు నిండుతాయి. మీ అక్కగారికి మాత్రం గుర్తు చేయకండి.

మీ కోడలు,
ప్రీతి

మండవల్లి,
12 ఫిబ్రవరి, గురువారం.

అమ్మా ప్రీతీ,

మంచు లేదు. పడమటి గాలి. చెరువు గట్టు తెగిన చోట మట్టి వేయించాను.

మోటార్లు ఆపి చూశాను, తేడా లేదు. ఆ కాసేపటికే చేపలు నీటి మీదికొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. వెంటనే మోటార్లు మళ్ళీ వేయించాను.

అప్పారావు లాప్‌టాప్ తెచ్చాడు. విజయవాడలో కొన్నాడట. మధ్యగదిలో తెరవగానే మన రూటరు పేరు వచ్చింది. దాన్ని చేత్తో పట్టుకుని పెరట్లోకి, అక్కణ్ణించి గట్టు మీదికి నడిచాను. అక్కడా వచ్చింది. రెండు లాప్‌టాప్‌లూ ఒకే మంచం మీద పక్కపక్కన పెట్టాను. ఒకదానికి కనబడేది రెండోదానికి కనబడదు. ఇది నాకు చాలా వింతగా ఉందమ్మా. గాలిలో ఉన్నది ఇద్దరికీ ఒకటే కదా.

అక్క ఏలూరు నుంచి వచ్చింది. మేము చేసేదంతా చూసి, "ఒరేయ్ దేవరాజూ, కనబడని దాని కోసం ఇంటిల్లిపాదీ కళ్ళు చించుకుంటున్నారేంట్రా? ఆ అమ్మాయిని వచ్చి వంట చేసుకోమను, అది కనబడుతుంది," అంది. అప్పారావు నవ్వాడు. నేను లాప్‌టాప్ మూసేశాను.

తప్పు నీ లాప్‌టాప్‌దే అనిపిస్తోంది. మీ కంపెనీలో అడుగు.

ఉంటాను,
దేవరాజు

తాడేపల్లిగూడెం,
16 ఫిబ్రవరి.

ప్రియమైన మావయ్య గారికి,

వందనాలు. మీ అక్కగారి మాట చదివి నేను నవ్వలేదు. పోనివ్వండి.

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే శరత్‌చంద్ర గారిని అడిగాను. "మీ మావయ్య గారు రెండూ ఒకే మంచం మీద పెట్టి చూశారా! సగం పని ఆయనే చేసేశారండీ," అన్నారు.

ఆయన చెప్పింది ఇదండీ. వైర్‌లెస్ పోయే బ్యాండు ఒకటే గాని, దాన్ని చానళ్ళుగా విడగొట్టారట, రేడియోలో స్టేషన్ల లాగా. మన దేశంలో పదమూడు చానళ్ళు వాడుకోవచ్చు. అమెరికాలో పదకొండే. మాకిచ్చిన లాప్‌టాప్‌లు అమెరికా నుంచి వచ్చినవి. అవి పదకొండు దాకా వెతికి ఆగిపోతాయి. ఆ పైన రూటరు ఎంత గట్టిగా పలికినా వాటికి లేనట్టే.

కానీ ఆయనకి ఒకటి అంతుపట్టలేదు. ఎవరూ ముట్టుకోకపోతే ఆ రకం రూటర్లలో ఆరో నంబరే ఉంటుందట. మీ దగ్గర ఎంత ఉందో పాత కంప్యూటర్లో చూసి చెప్పండి. బిగించడానికొచ్చిన అబ్బాయి గాని మార్చాడా?

అమ్మ ఇక్కడే ఉయ్యాల కొందామంటోంది. నెలాఖరు దాకా ఆగమన్నాను.

ప్రీతి

మండవల్లి,
19 ఫిబ్రవరి, గురువారం.

అమ్మా ప్రీతీ,

ఎండ చురుక్కుమంటోంది. మిరపకాయలు ఆరబోయించాను.

పదమూడు ఉంది. ఆ అబ్బాయి మార్చలేదు. నేనే పెట్టాను.

పుస్తకంలో చానల్ అని ఉన్నచోట నచ్చిన నంబరు ఎంచుకోమని ఉంది. ఇంటి నంబరు లాంటిదేమో, ఏదైనా ఒకటే అనుకున్నాను. పాప పుట్టిన తారీకు పెట్టాను.

అక్క సంగతి నీకు తెలుసు. నన్ను పెంచింది తనే. మిషన్ హాస్టల్లో దొరసానుల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసింది. అక్కడ పన్నెండో గది తర్వాత పద్నాలుగో గదే ఉండేది. పదమూడంటే వాళ్ళకి పడేది కాదు, తనకీ పడదు. ఆసుపత్రి వరండాలో, "పదమూడా! ఒక్క రోజు ఆగాల్సిందిరా," అంది. నీ గది తలుపు తీసే ఉంది. నువ్వు విన్నావు. అక్కకి ఎదురు చెప్పడం నాకు చేతకాదు. ఇంటికొచ్చి రూటర్లో ఆ నంబరు పెట్టాను. ఈ ఇంట్లో పదమూడు ఉంటుంది అనుకున్నాను.

మార్చమంటే ఈ పూటే మారుస్తాను. ఏది పెట్టాలో తోచడం లేదు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్నవన్నీ నాకు ఉత్త నంబర్లే.

దేవరాజు

తాడేపల్లిగూడెం,
23 ఫిబ్రవరి.

ప్రియమైన మావయ్య గారికి,

మీ ఉత్తరం వచ్చేసరికి పాపకి స్నానం చేయిస్తున్నాను. తడిచేతులతోనే చదివాను. అక్షరాలు అలుక్కుపోయాయి, ఏమీ అనుకోకండి.

ఆ రోజు నేను విన్నాను. మీ అక్కగారి మాటకి బాధపడలేదండీ, ఆవిడ అందరినీ ఏదో ఒకటి అంటారు. మీరు గోడవైపు తిరిగారు. పాపని చూడకుండా గోడని చూశారు. మీకూ అలాగే ఉందేమో అనుకున్నాను. ఈ ఐదు నెలలూ అదే అనుకున్నాను. రూటరు కనబడట్లేదని జీవన్ చెప్పినప్పుడు, పోనీలే, ఇక్కడే ఉండిపోవడానికి ఒక సాకు దొరికింది అని కూడా అనుకున్నాను. ఈ మాట జీవన్‌కి తెలియదు.

పాప పుట్టింది పదమూడో తారీకే, కానీ సెప్టెంబరు కదండీ. తొమ్మిది పెట్టండి. అది నా లాప్‌టాప్‌కి కూడా కనబడుతుంది.

అమ్మతో ఉయ్యాల వద్దని చెప్పాను. మధ్యగదిలో జీవన్ చిన్నప్పటిది ఉందటగా.

మీ
ప్రీతి

మండవల్లి,
27 ఫిబ్రవరి, శుక్రవారం.

అమ్మా ప్రీతీ,

మబ్బు పట్టింది, చినుకు లేదు. మధ్యగది కడిగించాను.

నిన్న తొమ్మిది పెట్టాను. జీవన్ మధ్యగదిలో నీ లాప్‌టాప్ తెరిచాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మన పేరు వచ్చింది. వాడు అరిచిన అరుపుకి గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

అక్క వచ్చి, "ఏం వచ్చిందిరా?" అంది. చెప్పాను. "తొమ్మిదేంటి?" అంది. "నా మనవరాలు పుట్టిన నెల. తారీకు పదమూడు," అన్నాను. అక్క నావైపు చూసి, "అరవకు, వినబడుతోంది," అంది. నేను అరిచానని నాకు తెలియలేదు. తర్వాత, "దానికి ఉయ్యాలలోకి మెత్త కావాలి, పాత చీరలున్నాయా?" అని అడిగింది. ఇప్పుడు వరండాలో కూర్చుని కుడుతోంది.

ఆ రోజు గోడవైపు తిరిగింది కళ్ళజోడు తుడుచుకోవడానికి. అంతే.

మిమ్మల్ని తీసుకురావడానికి జీవన్ బయలుదేరుతున్నాడు. బస్సు వేళయిందని ఉత్తరం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. వాడి చేతికే ఇస్తున్నాను, రాస్తుండగానే లాక్కునేలా ఉన్నాడు. ఉయ్యాల కొక్కేలు తుప్పు పట్టాయి. ఒకదానికి నూనె వేశాను, రెండోదానికి—